సీనియర్ మిషనరీ దంపతులు: పరదేశంలో వారి దినచర్య

ఉద్యోగ విరమణ చేసి, పిల్లల బాధ్యతలు తీరాక, సొంత ఖర్చుతో కొంతకాలం మతసేవకు వెళ్ళే భార్యాభర్తలను సీనియర్ మిషనరీ దంపతులు అంటారు. క్రైస్తవ శాఖలు చాలావాటిలో ఇలాంటివారు కనిపిస్తారు. అయితే దీన్ని ఒక పెద్ద వ్యవస్థగా నడుపుతున్నది మాత్రం అమెరికాలో యూటా రాష్ట్రపు సాల్ట్‌లేక్ సిటీ కేంద్రంగా ఉన్న యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. ఈ సంఘం వారిని జనం మోర్మన్లు అంటారు. తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల బ్యాడ్జీతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రవాళ్ళను బట్టి ఈ సంఘాన్ని పోల్చుకునేవారు హైదరాబాదులోనూ ఉన్నారు. ఆ కుర్రవాళ్ళకు ఇల్లు చూసిపెట్టి, అద్దె కట్టి, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళే పెద్దవయసు జంట ఒకటి చాలా దేశాల్లో వారి వెనక ఉంటుందన్న సంగతి మాత్రం అంతగా తెలియదు.

మిషనరీ అనగానే మనకు ప్రసంగం గుర్తొస్తుంది. ఈ దంపతుల రోజులో ప్రసంగానికి దక్కేది చాలా తక్కువ. పొద్దున లేచింది మొదలు లెక్కలు, సామాను, వంట, వాహనాలు, ఆస్పత్రులు, వీసా కాగితాలు - వీటితోనే సరిపోతుంది. మతప్రచార చరిత్రలు ఈ పనులను పెద్దగా రాయవు. కానీ ఏ మిషన్ అయినా ఆగకుండా నడిచేది ఇలాంటి పనుల వల్లే.

చరిత్ర

పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వయసులో ఉండగా ఓడ ఎక్కి, వెళ్ళినచోటే ముసలివాళ్ళయ్యేవారు. ముసలితనంలో బయలుదేరడం అరుదు. అలాంటి అరుదైన మనిషి ఒకరు తెలుగునేలకు వచ్చారు. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1793లో పుట్టి, 1842లో గుంటూరులో పని మొదలుపెట్టి, అమెరికా వెళ్ళిపోయి, మళ్ళీ 1869లో రాజమహేంద్రవరం వచ్చారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. ఈనాటి సీనియర్ మిషనరీల్లోనూ ఆ వయసువారు ఉంటారు గానీ, వారికి విమానమూ బీమా పాలసీ తోడుంటాయి.

మోర్మన్ సంఘంలో తొలినాళ్ళ పద్ధతి ఇంకో రకం. పెళ్ళయిన మగవాళ్ళను భార్యాపిల్లల్ని వదిలి ఏళ్ళ తరబడి పంపేవారు. వెనక పొలం, పశువులు, పిల్లలు అన్నీ ఆడవాళ్ళ మీదే పడేవి. అడిసన్ ప్రాట్ అనే ఆయన 1844లో పసిఫిక్ సముద్రంలోని టుబువాయి దీవికి చేరాడు. అతని భార్య లూయిసా నలుగురు ఆడపిల్లలను పెట్టుకుని బండ్ల మీద అమెరికా పడమటి వైపుకు వలసపోయింది. 1850లో ఆమె కూడా పిల్లలతో ఆ దీవికి చేరి, అక్కడ బడి నడిపింది. దంపతులిద్దరూ పనిచేసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మిషనరీ గారి భార్య అనే హోదా తప్ప సొంత హోదా లేని రోజులవి. ఇప్పుడు సేవకు రమ్మనే పిలుపు ఇద్దరి పేరా వస్తుంది, బ్యాడ్జీ ఇద్దరికీ ఉంటుంది. ఆఫీసు లెక్కలు భార్య చూస్తే భర్త బండి తోలే జంటలూ ఉంటాయి.

తెలుగువారికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. సమోవాలో పనిచేస్తున్న కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడే ఈ సంఘంలో చేరారు. 1978 చివర్లో సంఘం వారిని స్వల్పకాల మిషన్ మీద సొంత ఊరు హైదరాబాదుకు పంపింది. వాళ్ళు వీధుల్లో తిరగలేదు. బంధువుల ఇళ్ళలోనే కూర్చుని మాట్లాడారు. కుటుంబంలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి, అప్పటికే పాస్టరుగా ఉన్న పి. శ్రీనివాసం, ఈ సంఘపు పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. 2012లో ఈ సంఘం భారతదేశంలో తన మొదటి స్టేకును, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయాన్ని, హైదరాబాదులోనే ఏర్పాటు చేసింది. దాని మూలాలు వెతుక్కుంటూ పోతే పెద్దసభల దగ్గరికి కాదు, ఒక జంట చుట్టాలింటికి వచ్చిన రోజుల దగ్గరికి చేరతాం.

పిలుపు, డబ్బు

కుర్ర మిషనరీల్లో అబ్బాయిలు 2 ఏళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర సేవ చేస్తారు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. దంపతులకు కొంత వెసులుబాటు ఉంది. 6, 12, 18, 23 నెలల్లో ఏదో ఒక కాలం ఎంచుకోవచ్చు. ఫలానా దేశం, ఫలానా పని అని ఇష్టం చెప్పుకోవచ్చు. తుది మాట మాత్రం సంఘానిదే. ఆఫ్రికాలో నీటి పథకాల మీద పనిచేయాలని ఆశపడ్డ ఇంజనీరుకు ఏదో దేశపు ఆఫీసులో లెక్కల పని రావచ్చు.

జీతం లేదు. తిండి, అద్దె, మందులు, ఫోను అన్నీ సొంత పింఛనులోంచే. ఖరీదైన నగరాల్లో అద్దె భరించలేక చాలామంది వెనకాడుతున్నారని గ్రహించిన సంఘం 2011లో ఇంటి ఖర్చుకు నెలకు 1,400 డాలర్ల పరిమితి పెట్టింది. అంతకు మించినది సంఘం భరించేలా చేసింది. తక్కువ కాలానికి విదేశం వెళ్ళదలచినవారు మాత్రం విమానం ఖర్చు తామే పెట్టుకోవాలి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ సాధారణంగా దేశం దాటితే పనిచేయదు కాబట్టి ఆరోగ్య బీమా వేరే తీసుకోవాలి. బయలుదేరేముందు డాక్టర్ల పరీక్షలు, పళ్ళ పరీక్షలు, కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా. బీపీ, షుగరు ఉన్నవారిని మందులు, వైద్యం దొరికే చోటికే పంపుతారు.

దీనివల్ల ఒక సంగతి తేలుతుంది. ఈ సేవకు భక్తి ఒక్కటే చాలదు, గట్టి పింఛను, గట్టి మోకాళ్ళు కూడా కావాలి. అందుకే విదేశాలకు వెళ్ళే జంటల్లో అమెరికన్లే ఎక్కువ. బీద దేశాల సభ్యులు తమ ఊళ్ళో, తమ దేశంలోనే ఇలాంటి సేవ చేస్తుంటారు.

అప్పట్లో సంఘపు అగ్రనేతల్లో ఒకరైన రాబర్ట్ డి. హేల్స్ 2001 ఏప్రిల్ సభలో దంపతులు వెనకాడడానికి 4 కారణాలు చెప్పారు: భయం, కుటుంబం గురించిన దిగులు, తగిన పని దొరుకుతుందో లేదోనన్న సందేహం, డబ్బు. వీటిలో డబ్బుకు దారి చూపవచ్చు, పని వెతికిపెట్టవచ్చు. కుటుంబం దగ్గరే అసలు పేచీ. మనవరాలు పుట్టబోతుంటే, తల్లి మంచాన ఉంటే, కొడుకు విడాకుల గొడవలో ఉంటే ఇల్లు విడిచి వెళ్ళడమెలా? మన తెలుగు దంపతులు ఆరు నెలల వీసా మీద అమెరికా వెళ్ళేది మనవల్ని ఎత్తుకోవడానికి. ఈ అమెరికన్ దంపతులు మనవల్ని వదిలి వెళ్తారు. విమానంలో పక్కపక్కనే కూర్చున్నా ఈ రెండు జంటలకూ ఒకరి ప్రయాణం ఒకరికి వింతగానే ఉంటుంది.

ఒక రోజు

యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో కుర్రవాళ్ళు భాష నేర్చుకుంటూ వారాల తరబడి ఉంటారు. దంపతులకు అక్కడ ఉండేది వారం రోజులో, కాస్త అటూ ఇటో. కాబట్టి చాలామంది ఆ దేశపు భాష రాకుండానే దిగుతారు. దిగాక మొదటి పరీక్ష బజారులో ఎదురవుతుంది.

నైరోబీని ఉదాహరణగా తీసుకుందాం. కెన్యాలో వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. నలభై యాభై ఏళ్ళు కుడివైపు నడిపిన అమెరికన్‌కు రౌండ్ అబౌట్ కనిపిస్తే చెమటలు పడతాయి. పక్కసీట్లో భార్య "ఎడమ, ఎడమ" అంటూ ఉంటుంది. కరెంటుకు ముందే డబ్బు కట్టాలి. ఫోనులో ఎంపెసా అనే చెల్లింపు సేవ ద్వారా కడితే 20 అంకెల టోకెన్ సంఖ్య వస్తుంది. దాన్ని మీటరులో ఒక్కొక్కటిగా నొక్కాలి. చత్వారం వచ్చిన కళ్ళతో చీకట్లో ఆ అంకెలు చదవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే టోకెన్ అయిపోకముందే మరొకటి కొనిపెట్టుకోవడం అలవాటవుతుంది. కూరగాయలు తెచ్చాక కాస్త బ్లీచ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఫిల్టరు నీటితో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టడం వారి వంటింటి క్రమం. తాగడానికే కాదు, పళ్ళు తోముకోవడానికీ ఫిల్టరు నీళ్ళే.

ఆఫీసు పని ఉన్న జంట ఉదయం మిషన్ ఆఫీసుకు వెళ్తుంది. భార్య మిషన్ కార్యదర్శి అయితే వచ్చే, పోయే కుర్రవాళ్ళ పాస్‌పోర్టులు, వీసా గడువులు, విమానాలు ఆమె చూడాలి. భర్తది ఇళ్ళ పని. మిషన్ పరిధిలో ఊరూరా కుర్రవాళ్ళు ఉండే ఫ్లాట్ల అద్దె ఒప్పందాలు, కారే కొళాయిలు, విరిగిన మంచాలు, అద్దె పెంచుతానంటున్న యజమానులు. మిషన్ అధ్యక్షుడు, ఆయన భార్య మూడేళ్ళ కాలానికి వచ్చే మరో జంట. వారు కుర్రవాళ్ళ మంచిచెడ్డలు చూస్తుంటే ఈ జంట వారి పరుపులు, స్టౌలు చూస్తుంది.

ఇంటి తనిఖీ రోజున దంపతుల పనితనం బయటపడుతుంది. పందొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆవిడ ఫ్రిజ్ తెరిచి, వాసన పట్టి, మూత పెట్టని గిన్నెను మాట్లాడకుండా చెత్తబుట్టలో వేస్తుంది. ఆయన గ్యాస్ గొట్టం పగిలిందేమో వేలితో తడిమి, పొగ వస్తే మోగే అలారం బ్యాటరీ నొక్కి చూసి, నీటి ఫిల్టరు మార్చిన తేదీ అడుగుతాడు. పరుపు ఎత్తి నల్లుల కోసం కుట్ల వెంట చూస్తారు. ఇల్లు శుభ్రంగా ఉంటే ఆవిడ ఇంట్లో చేసి తెచ్చిన కుకీల డబ్బా చేతిలో పెడుతుంది. లేకపోయినా పెడుతుంది, కాస్త చీవాట్లతో. ఇంటి మీద బెంగపెట్టుకున్న కుర్రవాడు వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెప్పేది అలాంటప్పుడే. పనుల పట్టికలో ఇది ఎక్కడా ఉండదు. నా దృష్టిలో వీరి సేవలో అన్నిటికంటే విలువైనది ఇదే.

కుర్రవాళ్ళకు నిద్ర లేచే వేళ నుంచి పడుకునే వేళ దాకా నియమాలుంటాయి. దంపతులకు అంత కట్టుబాటు లేదు. వారానికో రోజు సొంత పనులకు విడిచిపెడతారు. బట్టలు ఉతకడం, సరుకులు, వీలైతే దగ్గర్లో చూడదగ్గ చోటు. ఆదివారం కొనడం అమ్మడం చేయరు కాబట్టి శనివారమే అన్నీ తెచ్చుకోవాలి. నెలలో ఒక ఆదివారం ఉపవాసం, సాధారణంగా మొదటిది. మధుమేహం ఉన్నవారికి మినహాయింపు.

టీ, కాఫీ, మద్యం, పొగాకు ఈ సంఘం వారికి నిషిద్ధం. మద్యం వద్దంటే ఎవరూ తప్పుపట్టరు. చిక్కంతా టీ దగ్గరే. పాలు, చక్కెర వేసి మరిగించిన చాయ్ కెన్యాలో మర్యాదకు మొదటి మెట్టు, మనలాగే. ఇంటికి పిలిచిన పేదావిడ కప్పు అందిస్తే కాదనడం ఎలా? ఆవిడా సంఘ సభ్యురాలైతే వేడిపాలు ఇస్తుంది. పక్కింటివారు పిలిచినప్పుడు మాత్రం ముందే చెప్పుకోవాలి. మొహమాటం తీరడానికి కొన్ని నెలలు పడుతుంది.

రాత్రి ఎనిమిదికి ఫోను. అమెరికా చలికాలంలో నైరోబీలో రాత్రి 8 అయితే యూటాలో అప్పుడు ఉదయం 10. మనవలు బడిలో ఉంటారు కాబట్టి పలకరింపులు వారాంతానికే. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు తెర మీదే చూస్తారు. అక్కడ ఎవరైనా పోతే మిషన్ అధ్యక్షుడి అనుమతితో సొంత ఖర్చు మీద వెళ్ళి రావచ్చు గానీ, ఆగిన పని వారికోసం ఆగే ఉంటుంది.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ రాయరు. నలభై ఏళ్ళ కాపురంలో పగలంతా ఎవరి పనుల్లో వాళ్ళున్న మనుషులు ఒక్కసారిగా రోజంతా ఒకే గదిలో, ఒకే కారులో, ఒకే బల్ల దగ్గర ఉంటారు. మొదటి నెలల్లో చిన్న విషయాలకే మాటా మాటా పెరుగుతుంది. కలిసి పొద్దున నడవడమో, రాత్రి చదువుకోవడమో అలవాటు చేసుకున్నవారు నిలదొక్కుకుంటారు.

ఇతర పనులు

అందరూ ఆఫీసుల్లోనే ఉండరు. మానవతా సేవకు వెళ్ళిన జంటలు బావులు, చక్రాల కుర్చీలు, పుట్టగానే ఊపిరి తీయని శిశువులను బతికించే శిక్షణ వంటి పథకాలను స్థానిక ఆస్పత్రులు, సంస్థలతో కలిసి నడిపిస్తారు. విశ్రాంత వైద్యులు ఒక ప్రాంతంలోని మిషనరీలందరికీ ఫోనులో సలహా చెబుతారు. సంఘపు దేవాలయాల్లో పనిచేసే జంటలకు కొన్నిచోట్ల పక్కనే వసతి ఉంటుంది.

పాత రికార్డుల పని వీటన్నిటికంటే నిశ్శబ్దమైనది. వంశవృక్షాలపై ఈ సంఘానికున్న ఆసక్తి ప్రసిద్ధం. 1938 నుంచే మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు దంపతులు ప్రభుత్వ భాండాగారాల్లో, చర్చిల్లో కెమెరా కింద పుటలు తిప్పుతూ జనన మరణ పుస్తకాలను ఫొటోలు తీస్తారు. భర్త తాడు విప్పి పుట సరిచేస్తే, భార్య దుమ్ము దులిపి మీట నొక్కుతుంది. రోజంతా ఒకే కదలిక. మతం మాట ఒక్కటి కూడా రాదు.

మతం మాట ఎత్తకూడని చోట్లూ ఉన్నాయి. జెరూసలేంలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం నడిపే కేంద్రం, ఇజ్రాయెల్‌లో మతప్రచారం చేయబోమన్న హామీ మీద 1980ల్లో కట్టినది. అక్కడి దంపతులు వచ్చినవారికి భవనం చూపిస్తారు, కచేరీలు ఏర్పాటు చేస్తారు, మత ప్రశ్నలకు జవాబివ్వరు. రష్యాలో 2016లో వచ్చిన చట్టం ప్రార్థనా మందిరాల వెలుపల ప్రచారాన్ని బాగా కట్టడి చేసింది. భారతదేశంలో విదేశీ మిషనరీలకు విడిగా వీసా తరగతి ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చి ఈ పని చేయడం చట్టవిరుద్ధం.

విమర్శలు

మతమార్పిడి మీద ఉన్న ఆక్షేపణలన్నీ వీరికీ వర్తిస్తాయి. సాయం వెనక సంఘం పేరు ఉన్నంతకాలం అనుమానం ఉంటుంది, అది అన్యాయమైన అనుమానమేమీ కాదు. సంఘం లోపలి నుంచి వచ్చే విమర్శ వేరు. స్థానికులు నేర్చుకుని చేసుకోగల పనిని విదేశీ జంట జీతం లేకుండా చేసిపెడుతుంటే స్థానికులకు అది ఎప్పటికి వస్తుంది? ఏడాదిన్నరకు ఒకరు పోయి, భాష రాని మరొకరు వచ్చి, మొదటివారు కట్టిన పద్ధతి మార్చేస్తుంటారు. దీనికి జవాబుగా కొన్ని చోట్ల జంటలకు ఒకే పని పెడుతున్నారు: మీ పని స్థానికులకు నేర్పి రండి. అది నెరవేరిన చోట ఆ జంట స్థానంలోకి మరో జంటను పంపాల్సిన అవసరం తగ్గింది.

వయసు వల్ల వచ్చే ప్రమాదం 2020 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. కొవిడ్ వ్యాపించగానే పెద్దవయసు వారిని, అనారోగ్యం ఉన్నవారిని ముందుగా స్వదేశాలకు రప్పించారు. కొందరికి సామాను సర్దుకునే వ్యవధి కూడా లేకపోయింది. ఆఫీసుల తాళాలు కుర్రవాళ్ళ చేతిలో పెట్టి విమానం ఎక్కారు.

తిరుగు ప్రయాణం

గడువు ముగిసిన జంట స్వదేశంలోని స్టేకు అధ్యక్షుడికి నివేదిక ఇచ్చి, ఆదివారం కూటంలో మాట్లాడి, బ్యాడ్జీలు తీసేస్తుంది. ఇల్లు అద్దెకిచ్చినవారు ఖాళీ చేయించుకోవాలి, ఇచ్చేసిన కారు మళ్ళీ కొనుక్కోవాలి, వాయిదా వేసిన కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. పరదేశంలో పెద్దదిక్కుగా ఉన్నవారికి సొంత ఊళ్ళో ఉన్నట్టుండి ఎవరికీ అక్కర్లేనివాళ్ళమయ్యామనిపించడం మామూలే. ఏడాది తిరిగాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని రెండోసారి, మూడోసారి వెళ్ళేవారు ఈ సంఘంలో అరుదు కాదు. సంఘానికి కావలసిన జంటల సంఖ్య మాత్రం వచ్చే జంటల సంఖ్యను ఎప్పుడూ మించే ఉంటుంది.